చెల్లి బ్లాకులు, నా కంప్యూటరు

మన క్లబ్బు పత్రికకి కవితలు బాగానే వస్తున్నాయి. నాకు కవిత రాదు. ఈ వేసవి సెలవుల్లో ఇంట్లో చేసిన ఒక పని గురించి రాస్తా. అదేందంటే, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బ్లాకులతో కంప్యూటర్‌కి క్యాబినెట్ కట్టిన. కట్టడం, కూలడం, వేడెక్కడం, ఒకసారి షాక్ కొట్టడం, అన్నీ అయినయి. మీలో ఎవరికైనా చేయాలనిపిస్తే నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటారని రాస్తున్నా.

మాది కాటారం, భూపాలపల్లి జిల్లా. మంథని రోడ్డు, భూపాలపల్లి రోడ్డు, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయే రోడ్డు, మూడూ మా దగ్గర కలుస్తయ్. గోదావరి ఇసుక లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతనే ఉంటయ్. మా ఇల్లు రోడ్డుకు దగ్గర. పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రం వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము.

ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్ కంప్యూటర్. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు. కిందటి వానాకాలం గోడకి చెమ్మ పట్టి, దాని ఇనుప డబ్బా అడుగు తుప్పు పట్టి రాలిపోయింది. లోపలి బోర్డుకు ఏమీ కాలేదు. కొన్నాళ్ళు దాన్ని అట్ట మీద పెట్టి నడిపినం. కానీ చెల్లి ఎప్‌సెట్‌కి చదువుతోంది, మాక్ టెస్టులన్నీ దాని మీదనే. ఇంట్లో ఎలుకలున్నయ్, బల్లులున్నయ్, ఆ దుమ్ము సరేసరి. ఏదో ఒక డబ్బా కావాలె.

అటక మీద చెల్లి చిన్నప్పటి బ్లాకుల డబ్బా కనిపించింది. నాన్న హన్మకొండ నుంచి తెచ్చింది. చెల్లిని అడిగితే ఒకటే షరతు పెట్టింది: "తీస్కో అన్నా, గానీ గమ్ము పెట్టొద్దు. నా బ్లాకులు నాకు మళ్ళ ఇయ్యాలె." ఆ ఒక్క మాట వల్లనే ఈ పనిలో ఇంజనీరింగ్ మొదలైంది. గమ్ముంటే ఎట్ల పేర్చినా నిలబడుతది. గమ్ము లేకుంటే లెక్క ఉండాలె.

మన కంటే ముందు

ఈ ఆలోచన కొత్తది కాదు. 1996లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ సెర్చ్ ఇంజన్ ప్రాజెక్టుకి ఒక్కోటి 4 జీబీ ఉన్న పది హార్డ్ డిస్కులు వాడారు. వాటిని పట్టి ఉంచే పెట్టెను ఇలాంటి రంగురంగుల బొమ్మ ఇటుకలతోనే కట్టారు. మొత్తం 40 జీబీ. ఇవాళ మన ఫోన్లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆ ప్రాజెక్టే తర్వాత గూగుల్ అయింది. 2012లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ సైమన్ కాక్స్ బృందం 64 రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులతో ఒక చిన్న సూపర్ కంప్యూటర్ చేసింది. దాని ర్యాకులు లెగోవి. వాటిని కట్టడంలో ఆయన ఆరేళ్ళ కొడుకు సాయం చేశాడు.

లెగో డెన్మార్క్ కంపెనీ. ఇప్పుడు మనం చూసే గొట్టాల రకం ఇటుకకి 1958 జనవరి 28న పేటెంట్ దరఖాస్తు చేశారు. పైన గుండీలు, లోపల బోలు గొట్టాలు. కింది ఇటుక గుండీలు పై ఇటుక గొట్టాలకీ గోడకీ మధ్య ఇరుక్కుని పట్టుకుంటయ్. 1963 నుంచి ఏబీఎస్ ప్లాస్టిక్ వాడుతున్నరు. అంతకుముందు వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ కొన్నాళ్ళకి వంకరపోయేది. ఏబీఎస్ గట్టిది, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా మెత్తబడదు. అందుకే కంప్యూటర్ డబ్బాకి పనికొస్తది. కానీ అది మంటకి కాలే ప్లాస్టికే, ఈ సంగతి మర్చిపోవద్దు.

ముందు కొలతలు

ఈ ఇటుకలకు రెండు అంకెలు గుర్తుంటే చాలు. గుండీకి గుండీకి దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పలుచటి పలక ఎత్తు 3.2, అంటే మూడు పలకలు ఒక ఇటుక. ఇప్పుడు కంప్యూటర్ భాగాలని ఈ లెక్కలోకి మార్చాలె.

మైక్రో ఏటీఎక్స్ బోర్డు గరిష్ఠంగా 244 × 244 మి.మీ. ఎనిమిదితో భాగిస్తే 30.5 గుండీలు. 32 తీసుకుంటే 256 మి.మీ., చుట్టూ కొంచెం ఖాళీ ఉంటది. బోర్డు వెనక పోర్టుల దగ్గర పెట్టే రేకు 158.75 × 44.45 మి.మీ. వెడల్పుకి 20 గుండీలు, అంటే 160 మి.మీ. ఎత్తుకి 5 వరుసలు, అంటే 48. ఏటీఎక్స్ పవర్ సప్లై వెడల్పు 150, ఎత్తు 86. వెడల్పుకి 19 గుండీలు, ఎత్తుకి 9 వరుసలు, అంటే 86.4. కొలిచి చేసినట్టు కూర్చుంది. ఇంకా ముచ్చటైనది 80 మి.మీ. ఫ్యాన్: వెడల్పు సరిగ్గా 10 గుండీలు. ఎత్తు 8 ఇటుకలు, ఒక పలక: 76.8కి 3.2 కలిపితే 80. నట్టు లేదు, స్క్రూ లేదు, దానంతట అదే ఇరుక్కుని నిలబడుతది.

బోర్డు పక్కన పవర్ సప్లై పెట్టాలనుకున్న. లోపలి వెడల్పు 52 గుండీలు, లోతు 32. ఎత్తు 10 వరుసలు, అంటే 96 మి.మీ. గోడ మందం రెండు గుండీలైతే బయటి కొలత 56 × 36. ఒక వరుసకి ఎన్ని గుండీలు? 56 × 36 లోంచి 52 × 32 తీసేస్తే 352. అంటే 2×4 ఇటుకలు 44. పది వరుసలకి 440. పోర్టుల రేకు, పవర్ సప్లై, రెండు ఫ్యాన్ల కంతలు తీసేస్తే సుమారు 330 ఇటుకలు. చెల్లి డబ్బాలో అన్ని సైజులూ కలిపి లెక్కేస్తే 250 ఇటుకలకి సరిపడా ఉన్నయ్.

మొదటి గోడ కూలింది

ఇటుకలు తక్కువ కాబట్టి గోడ ఒక్క గుండీ మందంతో కడదాం అనుకున్న. గబగబా ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చుకుంటూ పోయిన. చూడ్డానికి బాగుంది. మానిటర్ కేబుల్ గుచ్చి, సరి చేయడానికి కొంచెం లాగిన. వెనక గోడ మొత్తం తలుపు తెరుచుకున్నట్టు బయటికి పడింది.

మా పక్కింట్ల మేస్త్రి కాక ఉంటడు. అప్పుడే పని నుంచి వచ్చి అరుగు మీద కూసున్నడు. నవ్వి అన్నడు: "ఏం ఇంజనీరువురా నువ్వు! జాయింటు మీద జాయింటు పెడితే గోడ ఆగుతదా? మూలకు కట్టేది? అడ్డ ఇటుక ఏది?"

గంట సేపు కూసోని నేర్పిండు. కింది వరుసలో రెండు ఇటుకలు కలిసే చోట, పై వరుసలో ఇటుక నడిమి భాగం రావాలె. మూల దగ్గర ఒక వరుసలో ఈ గోడ ఇటుక బయటికి వస్తే, పై వరుసలో ఆ గోడ ఇటుక రావాలె, చేతివేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు. కంత మీద దర్వాజ మీద లెంటల్ పోసినట్టు పొడుగు ముక్క వేసి, రెండు వైపులా గోడ మీద కూర్చోబెట్టాలె. సివిల్ వాళ్ళు దీన్ని బాండ్ అంటరు. కంప్యూటర్ సైన్స్ వాడిని, నాకు మేస్త్రి కాక చెప్పాల్సి వచ్చింది.

బొమ్మ ఇటుక పైనుంచి నొక్కితే చాలా బరువు మోస్తది. పక్కకి లాగితే మాత్రం ఒక్కో గుండీ పట్టు మీదనే ఆధారం. జాయింట్లు ఒకే గీత మీద ఉంటే ఆ గీత వెంబడి చీలిపోతది. మార్చి పేరిస్తే లాగుడు పక్క ఇటుకలకి పాకుతది. అందుకే గోడ రెండు గుండీల మందం చేసిన. ఇంకో చిన్న డబ్బా కొన్న, పలకలు కూడా అందులోనే దొరికినయ్. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూసి తీసుకోండి.

ఇక్కడ ఇంకో పేచీ. కొత్త ఇటుకలు పెట్టి వరుస పూర్తి చేస్తుంటే చివరి ఇటుక దూరట్లేదు, గోడ విల్లులా ఉబ్బుతోంది. వర్నియర్ కాలిపర్స్ తెచ్చి కొలిచిన. ఇంటర్ ప్రాక్టికల్స్ తర్వాత దాన్ని ముట్టుకోవడం మళ్ళీ ఇప్పుడే. చెల్లి ఇటుక పొడవు 31.8 మి.మీ. నాలుగు గుండీల దూరం 32 కాబట్టి 0.2 ఖాళీ. ఆ ఖాళీ వల్లనే పక్కపక్క ఇటుకలు ఒరుసుకోవు. కొత్తవి 32.1 ఉన్నయ్. ఒక్కటైతే 0.1 తేడా ఎవరికీ కనపడదు. 56 గుండీల గోడకి 14 ఇటుకలు, కాబట్టి 1.4 మి.మీ. ఎక్కువ. ఒక్కో ముక్క తప్పు చిన్నదే, వరుసలో పోగైతే పెద్దదైతది. ఉపాయం కూడా లెక్కలోనే ఉంది: పాత ఇటుకలో 0.2 ఖాళీ, కొత్త ఇటుక 0.1 ఎక్కువ, పక్కపక్కన పెడితే సరిపోతది. రెండు కొత్తవి పక్కపక్కన రాకుండా బియ్యంలో నూకలు కలిపినట్టు కలిపిన. గోడ తిన్నగా వచ్చింది.

అడుగుకి ప్లైవుడ్ ముక్క. దాని చుట్టూ సన్నటి కర్ర బీడింగ్ కొట్టిస్తే మొదటి వరుస అందులో కదలకుండా కూర్చుంది. మదర్‌బోర్డుని ఇటుకల మీద పెట్టలేదు, ప్లైవుడ్‌కి ఇత్తడి స్టాండాఫ్‌లు బిగించి వాటి మీద స్క్రూలతో పెట్టిన. పవర్ సప్లై బరువుది, అది కూడా ప్లైవుడ్ మీదనే క్లాంపులతో. అప్పుడు కేబుల్ లాగినా ఆ బలం ప్లైవుడ్ మీద పడుతది, గోడ మీద కాదు. గోడ పని గోడదే: దుమ్ము ఆపడం, ఎలుకని ఆపడం.

వేడి

పైన ప్లైవుడ్ మూత పెట్టి, అంతా అయిపోయిందనుకున్న. అప్పటికి ఫ్యాన్లు ఇంకా కొనలేదు, వాటి కంతలకి అట్ట అడ్డం పెట్టిన. మరునాడు మధ్యాహ్నం చెల్లి మాక్ టెస్టుకి కూర్చుంది. మే నెల, గదిలోనే 38 డిగ్రీలు. నలభై నిమిషాలకి మౌస్ ఆగి ఆగి కదులుతోంది, ప్రశ్న మారడానికి పది సెకన్లు. టైమర్ మాత్రం ఆగదు కదా. ఆ రోజు ఇరవై ప్రశ్నలు చూడకుండానే టైమ్ అయిపోయింది. చెల్లి ఏమీ అనలేదు, మొహం తిప్పుకుని బయటికి పోయింది. తిట్టినా బాగుండేది.

ప్రాసెసర్ వేడి 98 డిగ్రీలు చూపించింది. హద్దు దగ్గరికి వస్తే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటది. ఎందుకంత వేడి? కూలర్ మీద ఫ్యాన్ తిరుగుతనే ఉంది. కానీ మూసిన డబ్బాలో ఆ ఫ్యాన్ తను వదిలిన వేడి గాలినే మళ్ళీ పీలుస్తోంది. ఇనుప డబ్బా అయితే కొంత వేడిని రేకులోంచి బయటికి పంపుతది. ప్లాస్టిక్ ఇటుక పంపదు, పైగా లోపల బోలు గాలి. అంటే నేను కంప్యూటర్‌కి దుప్పటి కప్పిన.

లెక్క ఏందంటే, మొత్తం కంప్యూటర్ 80 వాట్లు తింటుందనుకుందాం. అంటే సెకనుకి 80 జౌళ్ళ వేడి. లోపలి గాలి బయటి గాలి కంటే 10 డిగ్రీలకి మించి వేడెక్కొద్దు. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1005 జౌళ్ళు కావాలె. 80ని 1005 × 10తో భాగిస్తే సెకనుకి 0.008 కిలోల గాలి, అంటే సుమారు 7 లీటర్లు. ఫ్యాన్ల భాషలో నిమిషానికి 15 ఘనపు అడుగులు. ఒక మామూలు 80 మి.మీ. ఫ్యాన్ అడ్డు లేకుంటే అంతకంటే ఎక్కువే ఇస్తది, కానీ జాలి పెడితే తగ్గుతది. అందుకే ముందు గోడలో రెండు పెట్టిన. రెండూ గాలి లోపలికి తోసేవే. బయటికి పంపే పని పవర్ సప్లై వెనక ఫ్యాన్ చేస్తది, మిగిలిన గాలి వెనక గోడలో వదిలిన సందుల్లోంచి పోతది.

రెండూ లోపలికే ఎందుకంటే, మన డబ్బాకి ఇటుకల మధ్య వందల సన్న సందులుంటయ్. బయటికి తోసే ఫ్యాన్లు ఎక్కువైతే ప్రతి సందులోంచి ఇసుక దుమ్ము లోపలికి పీలుస్తది. లోపలికి తోసేవి ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికే పోతది, దుమ్ము వచ్చేది జాలి ఉన్న చోటు నుంచి మాత్రమే. ఆ జాలి కిటికీలకి కొట్టే దోమల జాలి, రెండు పొరలు. పది రోజులకోసారి కడిగి ఆరబెడితే చాలు. ఫ్యాన్ వణుకుడికి ఇటుకలు వదులు కాకుండా చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టిన. మళ్ళీ అదే మధ్యాహ్నం వేళ గంటసేపు నడిపితే 71 డిగ్రీలు దాటలేదు.

షాక్

ఇది అసలు రాయాలనుకున్న సంగతి. ఒక రోజు చెల్లి ఇల్లు తడిబట్టతో తుడిచి, అదే కాళ్ళతో వచ్చి వెనక పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "అన్నా, జిల్లుమంది!" నేను నమ్మలేదు. టెస్టర్ పెట్టి చూస్తే లైటు వెలిగింది. మల్టీమీటర్ పెడితే పవర్ సప్లై ఒంటికీ నేలకీ మధ్య 110 వోల్టుల దాకా చూపించింది.

పవర్ సప్లై చెడిపోలేదు. దాంట్లో కరెంటు వచ్చే చోట ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు ఇనుప ఒంటికి కలిపి ఉంటయ్. విద్యుత్ గోలను ఎర్త్‌లోకి పంపడానికి అవి. ఎర్త్ ఉంటే ఆ కొద్ది కరెంటు నేలలోకి పోతది. ఎర్త్ లేకుంటే 230లో సగం వోల్టేజీ ఆ ఒంటి మీద తేలుతది. ఒంటికీ మదర్‌బోర్డు గ్రౌండ్‌కీ కలుపు ఉంటది కాబట్టి పోర్టుల రేకు మీదికీ వస్తది. కరెంటు చాలా తక్కువ, జిల్లుమనడంతో ఆగింది. కానీ పవర్ సప్లై లోపల నిజంగానే ఏదైనా వైరు ఊడి ఒంటికి తగిలితే, ఎర్త్ లేని ఇంట్లో ఆ కరెంటు పోవడానికి ఉన్న దారి మనిషే.

సాకెట్ విప్పించి చూస్తే మూడో కంతకి అసలు వైరే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచి అంతే. పాత ఇనుప డబ్బా మీద కూడా ఇన్నేళ్ళూ అదే వోల్టేజీ ఉండి ఉంటది. రంగు పూత ఉంది కాబట్టి ఎవరికీ తగల్లేదు. గ్రైండర్‌ది, ఫ్రిజ్‌ది, కూలర్‌ది, అన్నీ మూడు పిన్నుల ప్లగ్గులే, అన్నీ ఎర్త్ లేని సాకెట్లలోనే. తడి చేతులతో కూలర్‌లో నీళ్ళు పోసేది అమ్మ. అది గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాన్నకి చెప్తే ముందు "ఇన్నేండ్ల సంది ఏంగాలే కదరా" అన్నడు. మల్టీమీటర్ పెట్టి చూపించిన. అంకె చూసి ఇంకేం మాట్లాడలేదు, మరునాడే ఎలక్ట్రీషియన్ అన్నని పిలిచిండు. ఇంటి వెనక గుంత తవ్వి, జీఐ పైపు దించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోసి, అక్కడి నుంచి ప్రతి మూడు పిన్నుల సాకెట్‌కీ ఎర్త్ వైరు లాగిండు. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిండు. ఎర్త్‌లోకో మనిషిలోంచో అంతకు మించి కరెంటు లీకైతే అది లైను కొట్టేస్తది. మళ్ళీ మల్టీమీటర్ పెడితే ఒక్క వోల్టు కూడా లేదు. క్యాబినెట్ ఖర్చు కంటే ఎర్తింగ్ ఖర్చే ఎన్నో రెట్లు ఎక్కువైంది. ఈ సెలవుల్లో జరిగిన మంచి పని కూడా అదే.

మీరు కట్టాలనుకుంటే మూడు మాటలు. పవర్ సప్లైని దాని ఇనుప డబ్బాలోంచి ఎప్పుడూ బయటికి తీయొద్దు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. వేడి భాగాలకి ఇటుక తగలకుండా కనీసం రెండు వేళ్ళ ఖాళీ ఉంచండి. కట్టడం మొదలుపెట్టే ముందు మీ ఇంటి సాకెట్‌లో మూడో కంతకి నిజంగా వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మెయిన్స్ వైరింగ్ మీరు ముట్టుకోవద్దు, నేనూ ముట్టుకోలేదు. కంప్యూటర్ కట్టకపోయినా ఈ మూడోది మాత్రం చేయండి. సెలవులకి ఇంటికి పోయినప్పుడు అరగంట పని.

డబ్బా ఇప్పటికీ అక్కడే ఉంది, ఎరుపు, పసుపు, నీలం ఇటుకలతో. మేస్త్రి కాక వచ్చిన చుట్టాలందరికీ "గోడ నేనే కట్టిచ్చిన" అని చూపిస్తున్నడట. చెల్లి దాని మీదనే మిగతా మాక్ టెస్టులన్నీ రాసింది. హాస్టల్‌కి బయలుదేరుతుంటే బస్టాండ్ దాకా వచ్చి అడిగింది: "అన్నా, నా బ్లాకులు ఎప్పుడిస్తవ్?"

నీ ఎప్‌సెట్ రిజల్ట్ వచ్చినంక, అన్న.